ఆ కాయితం ఏమయింది పాపా?

పోస్టు పొడుగు, ముందే చెప్తున్నా. నాలుగు రోజులుగా గొంతుకి అడ్డం పడి ఉంది. ఇక్కడ కక్కేయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నా పనేమిటో తెలియనివాళ్ల కోసం: చెన్నైలో ఆరోగ్యం మీద సర్వేలు చేసేవాళ్లకి ప్రశ్నపత్రాలు, కన్సెంట్ ఫారాలు (సర్వేకి ఒప్పుకుంటున్నామని జనం సంతకం పెట్టేవి) తెలుగు చేసిపెడతాను. అప్పుడప్పుడు వాళ్లతో వీధుల్లోకి వెళ్లి, పక్కన కూర్చుని మాట అందిస్తాను. చెన్నైలో తెలుగు ఎవరికి కావాలి అంటారేమో, ఒకసారి పులియంతోపు, వ్యాసర్‌పాడి వైపు రండి. తెల్లారకముందే కార్పొరేషన్ చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో! తాతల నాడు నెల్లూరు, ఒంగోలు దిక్కు నుంచి వచ్చిన కుటుంబాలు. బయట తమిళం, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ.

పోయిన మంగళవారం కొత్త టీముతో పాత వీధికే వెళ్లాను. మూడేళ్ల కిందట వేరే టీముతో వెళ్లిన వీధి. ఒక పెద్దమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చునుంది. కార్పొరేషన్‌లో ముప్పై ఏళ్లు ఊడ్చి రిటైరైన మనిషి. చూడగానే గుర్తుపట్టింది.

"ఏం పాపా, మళ్లీ వచ్చినారా రక్తానికి?" అని నవ్వింది. నేనూ నవ్వాను. చాప వేసింది, టీ తెప్పించింది. అప్పుడు అడిగింది. "అది సరేగానీ, ఆ కాయితం ఏమయింది పాపా?"

ఏ కాయితమో నాకు వెంటనే వెలగలేదు. ఆవిడకి మాత్రం నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పది రోజుల్లో కాయితం ఇస్తారు పెద్దమ్మా, నీ షుగరెంత, రక్తమెంత, అన్నీ అందులో రాసుంటాయి." అన్నది నేనే, ఈ నోటితోనే. ఫారంలో ఉన్నదే చెప్పాను. రెండు గొట్టాల రక్తం, గంటన్నర ప్రశ్నలు, చివర్లో ఒక స్టీలు డబ్బా కానుక. కాయితం రాలేదు. ఏడాదిన్నర తర్వాత కాలి మీద చిన్న పుండు లేచింది. మానలేదు. ఆస్పత్రికి పోతే షుగరన్నారు, రెండు వేళ్లు తీసేశారు. కట్టు విప్పి చూపించింది కూడా. నేను చూపు తిప్పుకున్నాను, సిగ్గులేకుండా చెప్తున్నా.

"ఆ పొద్దు తీసకపోయిన రక్తంలో ఉండుంటాదిగదా పాపా ఇది?"

ఉండే ఉంటుంది పెద్దమ్మా. ఇంకేం చెప్పను?

ఇక్కడే కామెంట్లలో "అందుకే ఈ రీసెర్చ్‌లన్నీ మోసం, విదేశీ కుట్ర" అని మొదలుపెట్టేవాళ్లుంటారు. ఆగండి. నేను ఆ గుంపు కాదు. ఇదే ఊళ్లో, ఇలాంటి వీధుల్లోనే జరిగిన ఒక పరిశోధన కథ వినండి.

1956లో మద్రాసులో టీబీ మందుల మీద ఒక కేంద్రం పెట్టారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టినది. చేట్‌పట్‌లో ఇప్పుడున్న జాతీయ క్షయ పరిశోధన సంస్థకి మూలం అదే. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు ముందుండి నడిపాడు. అప్పటికి టీబీ అంటే శానటోరియం. నెలల తరబడి మంచం, మంచి గాలి, పాలు, గుడ్లు. తాంబరం పక్కన లోకల్ ట్రైన్ స్టేషన్ పేరే శానటోరియం, రోజూ దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరెందుకొచ్చిందో తెలుసో మరి. రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. అందరికీ మంచం ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లోనే ఉంచి మందులిస్తే నయమవుతుందా? అదీ ప్రశ్న. మన ప్రశ్న. లండన్‌కి ఆ అవసరం లేదు, మనకుంది.

193 మందిని చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒకరు శానటోరియంలో, ఒకరు ఇంట్లో. ఇద్దరికీ ఏడాది పాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పాస్ (PAS) అనేవి. ఇంట్లోవాళ్లు ఇరుకు గదుల్లో ఉన్నారు, అరకొర తిన్నారు, కొందరు పనికీ పోయారు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి: ఇద్దరికీ దాదాపు సమానంగా నయమైంది. ఇంట్లో ఉంచినందువల్ల ఆ ఇంటి పిల్లాజెల్లకి జబ్బు ఎక్కువగా అంటుకోలేదని కూడా తేలింది. దాంతో ప్రపంచం మొత్తం టీబీ వైద్యం శానటోరియం గేటు దాటి వీధిలోకి వచ్చింది. మద్రాసు పేదల ఒళ్ల మీద నేర్చుకున్నది మద్రాసు పేదలకే తిరిగి అందింది. నా దృష్టిలో పరిశోధన అంటే అది.

బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ వాళ్లు చేసిన ఇంకొకటి ఉంది, అది చదివినప్పుడు నేను లేచి చప్పట్లు కొట్టినంత పని చేశాను. తుమకూరు జిల్లా పల్లెల్లో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు టీబీ ఉన్నవాళ్లని వెతికి, "మీకు బాగోలేదని మీకు తెలుసా? తెలిస్తే ఏం చేశారు?" అని అడిగారు. 1963లో వచ్చింది ఆ పేపరు. పల్లెటూరివాళ్లకి అవగాహన లేదు, ఆస్పత్రికి రారు అన్నది అప్పటి పెద్దమనుషుల మాట. తీరా చూస్తే చాలామందికి తమ దగ్గు గురించి బాగానే తెలుసు. సగానికి పైగా ఆస్పత్రి గడప తొక్కారు కూడా. అక్కడ వాళ్ల చేతిలో పెట్టింది ఒక దగ్గుమందు సీసా. తప్పు రోగిది కాదు, ఆస్పత్రిది అని లెక్కలతో సహా చెప్పిన పేపరది.

ఇప్పుడు నా టేబుల్ మీదికి వచ్చే ప్రశ్నపత్రాలు చూడండి. "మీరు చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కుంటారు?" "సబ్బు వాడతారా?" "వ్యాధి ఎలా వస్తుందో తెలుసా?" అరవై ప్రశ్నలుంటే యాభై పేదవాడి బుర్రలో ఏముందని. కొళాయిలో నీళ్లు ఏ టైముకొస్తాయని ఒక్కటి ఉండదు. చెత్తబండి తోసేవాళ్లకి గ్లౌజులిచ్చారా అని ఉండదు. ఒకసారి నేనే అడిగాను, ఈ రెండు ప్రశ్నలు కలపొచ్చు కదా అని. "అది మా స్టడీ పరిధిలోకి రాదు" అన్నారు. పరిధి! ఆ మాటని కూడా నేనే తెలుగు చేసిపెట్టాలి.

తెలుగు చేయడం అంటే గుర్తొచ్చింది. మొన్న ఒక కన్సెంట్ ఫారంలో "మీరు యాదృచ్ఛికంగా ఒక సమూహమునకు కేటాయించబడుదురు" అని ఉంది, ఎవరో పాత అనువాదకుడి పుణ్యం. నేను "చీటీ తీసి ఎవరు ఏ గుంపో తేలుస్తారు" అని మార్చాను. దాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషు చేయిస్తారు, సరిపోయిందో లేదో చూడ్డానికి. చీటీ కాస్తా లాటరీ అయింది. లాటరీ అంటే బహుమతి వస్తుందనుకుంటారు, కుదరదు అన్నారు. మళ్లీ యాదృచ్ఛికం వచ్చి కూర్చుంది. వీధిలో ఆ ముక్క చదివితే ఒకాయన "ఎవరమ్మా ఆ యాదృచ్ఛికం, డాక్టరా?" అని అడిగాడు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆయన దాని కిందే వేలిముద్ర వేశాడు.

సంతకం అంటే మన తెలుగువాళ్లకి ఖమ్మం గుర్తుండాలి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద అధ్యయనమని ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకి సూదులు వేశారు. వాళ్లలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు ఎందరో. అమ్మానాన్నలు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన ఫారాలు రెండు వేలకు పైనే. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ కడిగిపారేసింది. టీకా మంచిదే, మా అమ్మాయికి వేయించాను కూడా. కానీ మా అమ్మాయికి వేయించేటప్పుడు నన్ను అడిగారు. తేడా అదొక్కటే, అదే అసలు తేడా.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు తీయండి, అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఫలం వాళ్లకీ అందాలి, అన్నీ ఉన్నాయి. కాయితం మీద.

మాది అసలు పొదిలి దగ్గర పల్లె. మా తాత మెడ తిప్పి పక్కకి చూడలేకపోయేవాడు, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పేవాడు. పడుకుంటే వీపు నేలకి ఆనేది కాదు. మా ఊళ్లో మనుషుల కంటే ముందు ఎద్దులు కుంటాయని మా నాయనమ్మ చెప్పేది. ఆ జబ్బు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అని అప్పటి నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి మద్రాసు డాక్టర్లు, షార్ట్, ఆయన తోటివాళ్లు, పేపరు రాసింది ఏ సంవత్సరమో తెలుసా? 1937. మా తాత అప్పటికి నిటారుగా నడిచే కుర్రాడు. ఆయన పోయింది 1988లో, అదే బావి నీళ్లు తాగి. కారణం తెలిశాక యాభై ఏళ్లు! పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తర్వాత నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు కనిపెట్టారు, దానికి నల్గొండ పేరు పెట్టారు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. నల్గొండ బిడ్డల వంకర కాళ్లు మాత్రం మంచినీళ్ల పైపు కోసం ఇంకా ఎన్నేళ్లు ఎదురుచూశాయో ఆ జిల్లావాళ్లని అడగండి.

సరే, పెద్దమ్మ దగ్గరికి వస్తాను. టీ తాగుతూ కొత్త సర్వే దేనికని అడిగింది. తిండికీ జబ్బుకీ ఉన్న సంబంధం గురించని చెప్పి, జార్ఖండ్‌లో జరిగింది కూడా చెప్పాను. 2023లో అచ్చయిన అధ్యయనం. టీబీ రోగులున్న ఇళ్లు 2,800. రోగులందరికీ తిండిసామాను ఇచ్చారు. ఒక గుంపులో ఇంట్లో మిగతావాళ్లకి కూడా మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మన చేట్‌పట్ సంస్థకీ అందులో చేయి ఉంది. ఆవిడ విని గ్లాసు కింద పెట్టింది.

"అన్నం తింటే జబ్బు రాదని కనుక్కోడానికి ఇంతమంది చదువుకోవాల్నా పాపా?"

కావాలి పెద్దమ్మా, అన్నాను. నీ మాటకి బడ్జెట్ రాదు, 40 శాతానికి వస్తుంది. టీబీ రోగికి కేంద్రం తిండి కోసం నెలకి ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబర్ నుంచి 1,000 అయ్యాయి. ఇలాంటి లెక్కలు లేకపోతే ఆ మాత్రం కూడా కదలదు. ఆవిడ ఒప్పుకోలేదు, తల ఊపింది అంతే.

ఇంటికొచ్చి ఆ పాత స్టడీ పేపరు వెతికాను. వచ్చింది, శుభ్రంగా ఇంగ్లీషులో. చదవాలంటే ముప్పై అయిదు డాలర్లు కట్టమంది. పెద్దమ్మ పింఛన్లో ఎన్నో వంతో లెక్కేసుకోండి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టి కేంద్రం జర్నల్స్ కొంటోంది, సంతోషం. ప్రభుత్వ కాలేజీల్లోవాళ్లు చదువుకుంటారు. పులియంతోపులో ఎవరు చదివి చెప్పాలి? పరిశోధనకిచ్చే గ్రాంటులో హోటల్ గదులకి పద్దు ఉంటుంది, విమానం టికెట్లకి ఉంటుంది. రక్తమిచ్చిన వీధికి తిరిగి వెళ్లి, చెట్టు కింద నిలబడి, ఇదమ్మా మీ దగ్గర తెలుసుకున్నది అని తెలుగులోనో తమిళంలోనో పావుగంట చెప్పడానికి ఒక ఆటో ఖర్చు రాసిన గ్రాంటు నాకు ఇన్నేళ్లలో రెండే తగిలాయి.

పాత టీముకి మెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబొచ్చింది. పాల్గొన్నవారి గోప్యత కోసం పేర్లన్నీ తీసేశారట, ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాని ప్రాజెక్టు ముగిశాక నాశనం చేశారట. ఇప్పుడు ఆవిడ ఫలితం ఏదో గుర్తించడం సాధ్యం కాదట. "మీ వివరాలు గోప్యంగా ఉంచబడును" అని ఆ ఫారంలో రాసింది కూడా నేనే. ఎంత గోప్యంగా ఉంచారంటే ఆవిడకి కూడా చెప్పలేదు.

నిన్న సాయంత్రం వెళ్లి ఈ సంగతి చెప్పాను. గట్టిగా తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. లోపలికి వెళ్లి రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోంచి ఒక చిన్న అట్టముక్క తీసింది. ఆ రోజు మేమిచ్చిన కార్డు. అంచులు నలిగినా స్టిక్కరు మీద అంకెలు చెరగలేదు.

"నంబరుండాదిగదా పాపా?" అంది.

వాళ్ల దగ్గర లేదు పెద్దమ్మా, అన్నాను.

కార్డుని ఇటూ అటూ తిప్పి చూసింది. మళ్లీ అదే కవరులో, రేషన్ కార్డు వెనక జాగ్రత్తగా దోపుకుంది.