ఈస్టు దొరవారి చలువ మందిరం

మనుషులు ఎండకు ఓర్చుకుంటారు. చొక్కా విప్పుతారు, విసనకర్ర ఊపుకుంటారు, సూర్యుణ్ణి నాలుగు తిట్టి ఊరుకుంటారు. బీరు పులియబెట్టే ఈస్టుకు అంత సంస్కారం లేదు. ఏల్ అనే రకం బీరుకు వాడే ఈస్టులు చాలామటుకు 18 నుంచి 20 డిగ్రీల మధ్య సుఖపడతాయి. 30 దాటితే అలిగి బీరుకు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన పట్టిస్తాయి, గొంతు మండించే ఘాటు ఆల్కహాళ్లు కలుపుతాయి. కాబట్టి ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతున్నా సరే, ముందు దొరవారికి మందిరం కట్టాలి, అంటే ఇంట్లో బీరు పులిసే పాత్రను ఐసు సీసాలతో చల్లగా ఉంచే పెట్టె. ఇందులో అన్యాయమేమీ లేదు. ఇంట్లో రాత్రింబవళ్లు పనిచేసేది వారొక్కరే.

గోడలకు 5 సెంటీమీటర్ల మందం, వేడిని అడ్డుకునే గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు. 20 లీటర్ల పాత్ర ఒకవైపు, ఐసు సీసాలు మరోవైపు పట్టాలంటే లోపల 65 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 65 ఎత్తు ఉండాలి. ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని మూత గొట్టం) పెట్టాక పాత్ర ఎంత ఎత్తొస్తుందో కొలిచాకే కోత మొదలెట్టండి. జిగురు డబ్బా మీద 'ఫోమ్‌కు పనికొస్తుంది' అని ఉందో లేదో చూడండి. ద్రావకాలున్న జిగురు ఫోమును అతికించదు, తినేస్తుంది.

తర్వాత చాలామంది పెట్టెకు రంగులేస్తారు, చక్రాలు బిగిస్తారు, తలుపు దగ్గర మాత్రం వేలు దూరేంత సందు వదిలేస్తారు. పైన పటారం, లోన లొటారం. రంధ్రాన్వేషణ అనే మాట ఇన్నాళ్లూ విమర్శకుల పాలబడింది గానీ దాని అసలు చోటు ఇదే: లోపల టార్చి వెలిగించి, తలుపు మూసి, గదిలో దీపాలు ఆర్పండి. వెలుగు కనిపించిన ప్రతి అతుకు మీదా అల్యూమినియం టేపు వేయండి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, దాన్ని అదిమిపట్టడానికి రెండు గొళ్లేలు.

ఐసు గదికీ పాత్ర గదికీ మధ్య ఫోమ్ అడ్డుగోడ. దాని పై భాగంలో 12 సెంటీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను వెచ్చటి గాలిని ఐసు వైపు తోస్తుంది, అడుగున ఉన్న సందులోంచి చల్లగాలి ఇవతలికొస్తుంది. ఆ సందుకు పల్చటి ప్లాస్టిక్ రెక్క వేలాడదీయాలి. చల్లగాలి బరువు కదా, రెక్క లేకపోతే ఫ్యాను ఆగినా తనంతట తానే జారుకుంటుంది. ఇక పాత్ర వేడిని బట్టి ఫ్యానును వేసి ఆపే థర్మోస్టాట్ ఉత్సవ విగ్రహమే.

థర్మోస్టాట్ సెన్సరును గాల్లో వేలాడదీయడం మరో ముచ్చట. పులియడం జోరు మీదున్నప్పుడు పాత్రలో వేడి దాని చుట్టూ పెట్టెలో ఉన్న గాలి కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది. పెట్టె చల్లగా ఉందని యజమాని మురుస్తుంటే దొరవారు లోపల ఉడుకుతుంటారు. సెన్సరును పాత్ర గోడకే, ద్రవమట్టానికి కింద అంటించి, పైన చిన్న ఫోమ్ ముక్క కప్పాలి.

ఐసు లెక్క చూద్దాం. బయట 32, లోపల 20 అయితే ఈ గోడల గుండా చొరబడే వేడి దాదాపు 17 వాట్లు. దొరవారి సొంత వేడి మరో మూడు వాట్లు. గడ్డకట్టిన రెండు లీటర్ల సీసాలు రోజుకు రెండు చాలు. మూడు, నాలుగు పడుతున్నాయంటే ఫ్రీజరును తిట్టకండి, మళ్లీ టార్చి తీయండి. సీసాను నిండా నింపితే పగులుతుంది, నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది మరి.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక పెట్టెకు మిగిలే శత్రువు యజమానే. చల్లగా ఉందో లేదోనని అరగంటకోసారి తలుపు తీస్తాడు. 20 లీటర్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే, ఐసు పూర్తిగా కరిగిపోయినా, గంట పైనే పడుతుంది. తీసిన ప్రతిసారీ తేమ దూరి గోడలకు చెమట పడుతుంది, వారానికి బూజు కూడా కాపురం పెడుతుంది. సీసాలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మార్చి, అడుగున పళ్లెంలో చేరిన నీళ్లు తుడిచి, తలుపేసి వెళ్లిపోవాలి.

ఈ రాజభోగం మొదటి మూడు నాలుగు రోజులు మరీ ముఖ్యం. రుచి చెడేదైనా బాగుపడేదైనా ఎక్కువగా అప్పుడే. తర్వాత 21, 22కి పోనిచ్చినా దొరవారు నొచ్చుకోరు. పాత్ర బయటికి తీశాక, ఉక్కపోతకు తాళలేక ఇంట్లో ఎవరైనా ఆ ఖాళీ మందిరంలో తల దూర్చబోతే మాత్రం కాసేపు ఆగమనండి. అడుగున కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఉంటుంది.