సవరణ: ఎడారి గుడారానికి మేకులు, నీటి లెక్క

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, బ్లాక్ రాక్ ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ ఉత్సవానికి గుడారం వేసుకోవడం గురించి ఇంతకుముందు రాసినదానిలో రెండు పొరపాట్లు దొర్లాయి. గుడారంతో పాటు వచ్చే సన్నని మేకులు సరిపోతాయని రాశాను. అది పూర్తిగా తప్పు. అక్కడి నేల ఇసుక కాదు, ఎప్పుడో ఎండిపోయిన సరస్సు అడుగు కాబట్టి, గట్టి పెచ్చులా ఉండే ఆ నేలలోకి సన్నని మేకు దిగేలోపే వంకర పోతుంది, దిగినా దుమారం లేచినప్పుడు తాళ్లతో సహా ఊడివస్తుంది. సుమారు అర మీటరు పొడవున్న ఇనుప చువ్వలను సమ్మెటతో దించాలి, లేదా పొడవాటి లాగ్ స్క్రూలను (బోల్టులాంటి తల ఉండే లావుపాటి మరలను) డ్రిల్లుతో బిగించాలి. తిరిగి పీకేటప్పుడు స్క్రూలే సుఖమని నా అభిప్రాయం. చువ్వలు వాడితే పైకొసను కొక్కెంలా వంచి నేలలోకి దించాలి, లేదా కొసకు టెన్నిస్ బంతి తొడగాలి. చీకట్లో ఆ కొస తగిలితే పిక్క చీరుకుపోతుంది.

ఇక, మనిషికి రోజుకు 3 లీటర్ల నీరు చాలునన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. తాగడానికి, వంటకు, కడుగుళ్లకు కలిపి నిర్వాహకులు సూచించేది 1.5 గ్యాలన్లు, అంటే దాదాపు 5.7 లీటర్లు. వాడిన నీటిని నేలమీద పారబోయకుండా డబ్బాల్లో నింపి వెంట తీసుకుపోవాలి కాబట్టి, ఖాళీ డబ్బాలను పారేయకండి.