కాళ్ళకు బుద్ధి చెప్పని హీరో

ప్రాణం మీదికొస్తే మనిషి పోరాడతాడు, పారిపోతాడు, లేదా కొయ్యబారిపోతాడు. సైన్సు చెప్పే మాట ఇది. తెలుగు మాస్ సినిమా ఈ సిలబస్‌ని సవరించింది. పారిపోవడం కమెడియన్‌కి, కొయ్యబారడం విలన్ పక్కనుండే రౌడీలకి ఇచ్చేసి, హీరోకి మొదటి పాఠం ఒక్కటే ఉంచింది.

ఆ పాఠం చెప్పే తీరు మాత్రం అమోఘం. పులి దూకుతుంది. కెమెరా హీరో కంట్లో దూరుతుంది. కనుపాప విచ్చుకుంటుంది. ప్రమాదంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ పెరిగితే నిజంగానే విచ్చుకుంటుంది గనక ఇక్కడిదాకా డాక్టర్లకు అభ్యంతరం లేదు. మిగతా చప్పుళ్ళన్నీ ఆగిపోయి గుండె ఒక్కటే హాలంతా దడదడలాడుతుంది. ఆపైన స్లో మోషన్. సెకనుకు 120 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే ఒక్క సెకను అయిదు సెకన్లవుతుంది. ఆ అయిదింట్లో హీరో మెడ విరుచుకుంటాడు, చొక్కా తనంతట తనే చిరుగుతుంది, చెమటచుక్క గడ్డం మీంచి జారి నేలకు చేరుతుంది, సంస్కృతంలో కోరస్ మొదలవుతుంది. పులి ఇంకా గాల్లోనే ఉంటుంది. పాపం, దానికీ మర్యాద తెలుసు.

అసలక్కడ పులే ఉండదు. పులి, సింహం, ఎలుగుబంటి లాంటి వాటిని ఆడించడం మన దేశంలో ఎప్పుడో నిషేధించారు. కాబట్టి హీరోగారిలోని ఆదిమానవుడు నిద్ర లేచేది గ్రాఫిక్స్ కోసం కట్టిన ఆకుపచ్చ తెర ముందే. గుడ్డను చూసి అంత కోపం తెచ్చుకోవడం మాటలు కాదు. వెటకారం కాదండీ, నిజంగానే అంటున్నా.

హాలీవుడ్ వాళ్ళకు ఈ మర్యాదలు తెలియవు. 2015లో వచ్చిన ‘ది రెవెనెంట్’లో డికాప్రియోని చీల్చిందీ గ్రాఫిక్స్ ఎలుగుబంటే. అయినా కెమెరాని దాని మూతి దగ్గరే పెట్టి, ఊపిరికి అద్దం మసకబారినట్టు చూపించారు. హీరో మంచులో పాకుతాడు, పచ్చి కాలేయం తింటాడు, చచ్చిన గుర్రం పొట్టలో చలికి దూరి పడుకుంటాడు. దానికి ఆస్కార్ కూడా ఇచ్చారు! మన హీరో ఇంటర్వెల్‌కి పాక్కుంటూ వస్తే పాలాభిషేకానికి తెచ్చిన పాలు ఏం చేసుకోవాలి?

బతికుంటే బలుసాకు తినొచ్చన్న జాతి మనది. పారిపోవడాన్ని కాళ్ళకు బుద్ధి చెప్పడం అని గౌరవించిన భాష మనది. మొన్న రాత్రి మా వీధి కుక్క తరిమితే నేను చెప్పింది అదే బుద్ధి. కోరస్ ఏదీ వినిపించలేదు. ఒక చెప్పు పోయింది. ఆ పరుగుకు సరిపడే షాట్ మన మాస్ సినిమాలో ఇంకా పుట్టలేదు.

అలాగని ప్రాణభయం పూర్తిగా లేదనడం అన్యాయం. ముప్పైమంది కత్తులతో చుట్టుముట్టినప్పుడు హీరో తాపీగా సిగరెట్ వెలిగిస్తాడు చూడండి, సరిగ్గా అప్పుడే తెర మూలన చిన్న అక్షరాలు పడతాయి: పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం.