కర్నల్‌కు తాళాలు ఏసుడు మంచిదే, గని ఏ తాళం ఎందుకో చూడాలె

కర్నల్ అంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అసొంటి ప్రోగ్రాం. దాన్ని రాసేటోళ్లు ఏండ్ల సంది లోపలి ఫంక్షన్లకు ఒక్కొక్కటిగ తాళాలు ఏస్తున్నరు, అంటే బయటి కోడ్ వాటిని వాడకుండ ఆపుతున్నరు, బయట మాడ్యూళ్లు రాసుకునేటోళ్లు మొత్తుకుంటున్నరు. నేను తాళం ఏసేటోళ్ల దిక్కే, గని అన్ని తాళాలు ఒక్క తీరు కావు, అసలు లొల్లి ఆడనే ఉంది.

మాడ్యూల్ అంటే నడుస్తున్న కర్నల్‌కు ఎక్కించే ముక్క. ఒక్కసారి ఎక్కిందంటే మెమరీ మొత్తం దాని చేతిల పెట్టినట్టే, అది తప్పు చేస్తే మామూలు యాప్ లెక్క అదొక్కటే క్లోజ్ కాదు, మిషనే పడిపోతది. 2024 జులై 19న విండోస్‌ల అయ్యింది ఇదే గదా, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ కోడ్ డేటాల 21వ ఫీల్డు చదవబోయింది, అందినయేమో 20, ఆ ఒక్క ఫీల్డు తేడాకు 85 లక్షల దాక మిషన్లు నీలం స్క్రీన్ ఏసుకొని కూసున్నయి, మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు పెన్నుతోని రాసిచ్చిండ్రు.

లినక్స్‌ల రూల్ ఏందంటే, కర్నల్ ఎక్స్‌పోర్ట్ చేసిన సింబల్సే, అంటే బయటోళ్లు వాడుకోనీకి తెరిచిపెట్టిన ఫంక్షన్ల పేర్లే, మాడ్యూల్ వాడుకోవాలె. సాగర్ ఎడమ కాలువ కింద ఎవుసం చేసేటోళ్లకు ఇది చెప్పే పనే లేదు, తూము కాడ నీళ్లు తీసుకుంటే లెక్క ఉంటది, రాత్రికి రాత్రి కట్టకు గండి కొడితే ఒకని మడి తడుస్తది గని చివరి పొలాలు ఎండుతయి. కాల్‌సిమ్స్ లుకప్ నేమ్ అనే ఫంక్షన్ అసొంటి గండే, పేరు ఇస్తే చాలు, ఎక్స్‌పోర్ట్ చెయ్యని ఫంక్షన్ అడ్రస్ గూడ చేతిల పెడుతది. 2020ల 5.7 కర్నల్ కాడ దాన్ని బంద్ పెట్టిండ్రు. మాడ్యూళ్లు రాసేటోళ్లు ఊకుంటరా, కేప్రోబ్ అనే, నడుస్తున్న కర్నల్ ఫంక్షన్ల మీద నిఘా పెట్టే సాధనం పెట్టి అదే ఫంక్షన్ అడ్రస్ మళ్ల పట్టుకున్నరు!

2025ల వచ్చిన పద్ధతి నాకు నచ్చింది: ఈ సింబల్ ఫలానా ఫలానా మాడ్యూళ్లే వాడాలె అని పేరు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసుడు. రెండు మాడ్యూళ్ల కోసం ఒక ఫంక్షన్‌ను లోకమంతకు తెరిచే బాధ పోయింది.

నాకు పడనిది జెడ్‌ఎఫ్‌ఎస్ కత, అది డిస్క్ మీద ఫైళ్లు దాచే ఫైల్ సిస్టమ్, లినక్స్‌ల బయటి మాడ్యూల్ లెక్క నడుస్తది. 2019ల 5.0 కర్నల్ వచ్చినప్పుడు ఎఫ్‌పీయూ (ప్రాసెసర్‌ల దశాంశాల లెక్కలు చేసే భాగం) రిజిస్టర్లు, అంటే దాని లోపలి చిన్న నిల్వ గదులు, వాడుకునే ఒక ఫంక్షన్‌ను, కర్నల్ లోపలి మాడ్యూళ్లు ఏవీ వాడుతలేవని తీసేసిండ్రు, ఆ పనికి మిగిలిన ఫంక్షన్ జీపీఎల్ అనే లైసెన్స్ ఉన్న కోడ్‌కే ఇస్తరు, జెడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్స్ ఏమో వేరే. ఆఖరికి వాళ్లు రిజిస్టర్లు సేవ్ చేసుకునే కోడ్ సొంతంగ రాసుకున్నరు. కర్నల్ వాళ్లే సక్కగ చేసే పనిని బయటోడు మళ్ల రాస్తే మిషన్‌కు భద్రం పెరిగిందా తగ్గిందా? లైసెన్స్ కోసం ఏసిన తాళాన్ని లైసెన్స్ కోసమే ఏసినమని చెప్పాలె, సేఫ్టీ పేరు పెట్టొద్దు.

ఇగ మన దిక్కు ముచ్చట. నల్లగొండల పాత డెస్క్‌టాప్‌ల మీద ఉబుంటు (లినక్స్‌ల ఒక రకం) ఏసుకొని నడిపే షాపులు, కోచింగ్ సెంటర్లు ఉన్నయి, వాటికి చవక వైఫై డాంగిల్ ఉంటది, డాంగిల్ డ్రైవర్ కర్నల్‌ల ఉండదు, ఎవరో నెట్‌ల పెట్టిన కోడ్ తెచ్చి డీకేఎంఎస్ (కర్నల్ మారినప్పుడల్ల మాడ్యూల్‌ను మళ్ల బిల్డ్ చేసే సాధనం) తోని ఎక్కిస్తరు, కర్నల్ అప్‌డేట్ రాంగనే బిల్డ్ ఫెయిల్, నెట్ పాయె, సరిచేసుకుందామంటే కొత్త కోడ్ డౌన్‌లోడ్ చేసేటందుకు గూడ నెట్ లేదు, ఫోన్ తీసి యూఎస్‌బీ టెదరింగ్ పెట్టాలె. మా తమ్ముడైతే ఇప్పటికీ కర్నల్ వాళ్లనే తిడుతడు. నేను ఆ చిప్ కంపెనీని తిడుత. లోపలి ఫంక్షన్లు మారుతయని కర్నల్ వాళ్లు ముందే రాసి పెట్టిండ్రు, డ్రైవర్‌ను మెయిన్‌లైన్‌ల, అంటే అసలు కర్నల్ కోడ్‌ల, కలిపితే ఫంక్షన్ మార్చినోడే ఆ డ్రైవర్‌ను గూడ సరిచేస్తడు. కంపెనీ ఆ కష్టం తీసుకోదు, డబ్బల ఒక సీడీ పడేసి చేతులు దులుపుకుంటది, గా కంప్యూటర్‌కు సీడీ డ్రైవే లేకపాయె.