ప్లాన్ పెంచే ముందు అప్‌లోడ్ స్పీడ్ చూడండి

క్లౌడ్ సింక్ (కంప్యూటర్‌లోని ఫైళ్లు వాటంతటవే ఆన్‌లైన్ స్టోరేజీకి ఎక్కడం) నెమ్మదిగా ఉంటే నెట్ ప్లాన్ పెంచుకోమన్నారు ఒక వ్యాసంలో. అది ఆఖరున చేయాల్సిన పనండీ. మా చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో రోజూ స్లాబుల ఫొటోలు ఎక్కించడమే పని కాబట్టి చెబుతున్నా.

స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతాం. మనకు కావాల్సింది అప్‌లోడ్. అది 10 ఎంబీపీఎస్ ఉంటే ఒక జీబీ ఎక్కడానికి దాదాపు 14 నిమిషాలు పడుతుంది, అదీ ఇంకెవరూ నెట్ వాడకపోతే.

మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ స్టోరేజీ వన్‌డ్రైవ్ అయితే ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ సేవర్ ఆన్ అయినా, నెట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడాల్సిన నెట్‌గా) పెట్టినా సింక్ దానంతటదే ఆగిపోతుంది. కరెంటు పోయినప్పుడు మాకు ఎక్కువగా జరిగేది ఇదే. టాస్క్‌బార్‌లో మేఘం గుర్తు నొక్కితే సంగతి తెలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ లిమిట్ ఎవరైనా పెట్టి వదిలేశారేమో కూడా చూడండి.

వందల కొద్దీ చిన్న ఫైళ్లుంటే ఒక్కో దానికీ సర్వర్‌తో విడిగా లావాదేవీ నడుస్తుంది, అందుకే ఒక పెద్ద ఫైలు కంటే ఆలస్యం. పాత ఫొటోలను జిప్ చేసి పెడితే పని తేలిక. లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌ను మాత్రం సింక్‌లో పెట్టకండి బాబూ! ఎంట్రీ వేసినప్పుడల్లా ఫైళ్లు మారుతూనే ఉంటాయి, సింక్ తెమలదు. సాయంత్రం టాలీ మూసేశాక బ్యాకప్ తీసి, ఆ ఫైలు ఎక్కించుకుంటే చాలు.