2025లో నా ఆట సిల్క్‌సాంగే, ఎందుకో లెక్కతో సహా

డిసెంబరు వచ్చిందంటే చాలు, మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా బెంగళూరు తెలుగు గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ: ఈ ఏడాది ఆట ఏది? ది గేమ్ అవార్డ్స్‌లో క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 గెలిచింది కాబట్టి అదేనని సగం మంది తేల్చేశారు. ఆ అవార్డులో వందకు పైగా మీడియా సంస్థల జ్యూరీ ఓటుకు 90 శాతం విలువ, జనం ఓటుకు 10 శాతం. వాళ్ల తీర్పు వాళ్లది. "నాకు నచ్చిన ఆట" అని రాసేచోట కూడా దాన్నే దించేస్తే ఇక మన అభిప్రాయం ఎక్కడున్నట్టు?

ఎంచుకునే ముందు స్టీమ్ (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) చూపించే ఆడిన గంటలు నమ్మకండి. ఆట పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లినా అది లెక్కలో పడుతుంది. అచీవ్‌మెంట్లు (ఆటలో సాధించినవాటికి దక్కే గుర్తింపులు) తెరిచి తేదీలు చూడండి. మొదటి వారాంతంలో వరసగా పడి ఆగిపోయాయంటే ఆ ఆట మోజు మాత్రమే. వారాల తరబడి ఒక్కొక్కటిగా పడుతూ వచ్చాయంటే దాన్ని పట్టించుకోవాలి. ఎర్లీ యాక్సెస్ (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టే) ఆటలకు నా మటుకు పూర్తి వెర్షన్ వచ్చిన ఏడాదే లెక్క. హేడీస్ 2 2024 మేలోనే ఆడటానికి దొరికినా, 1.0 వచ్చింది 2025 సెప్టెంబరులో. కాబట్టి అది ఈ ఏడాది పోటీలోదే.

నా ఓటు హాలో నైట్: సిల్క్‌సాంగ్‌కి. శత్రువులతో పోరాడుతూ ముందుకెళ్లే 2డి యాక్షన్ ఆట ఇది. ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ 2019 ఫిబ్రవరిలో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న విడుదల చేసింది. ఆ రోజు స్టీమ్‌తో సహా స్టోర్లన్నీ తడబడ్డాయి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు తరహా ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, అది చిన్న సంగతి కాదు.

దీనిమీద జనం ఎక్కువగా తిట్టింది చాలాచోట్ల ఒక్క దెబ్బకే రెండు మాస్కులు (మిగిలిన ప్రాణాన్ని చూపే గుర్తులు) పోవడాన్ని. నేను దీన్ని ఎంచుకున్నది సరిగ్గా అందుకే. మొదట మీకుండేవి 5 మాస్కులు. శత్రువులను కొడితే చేరే సిల్క్‌లో 9 ఖర్చుపెట్టి బైండ్ చేస్తే (గాయం మాన్పుకుంటే) 3 మాస్కులు తిరిగొస్తాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒక దెబ్బ తిని 3 దగ్గరున్నప్పుడు బైండ్ చేస్తే ఒక మాస్కు వృథా అని, రెండో దెబ్బ తిని 1కి వచ్చేదాకా ఆగుతారు. లెక్క వేసి చూడండి: 3 దగ్గర బైండ్ చేస్తే 5, తర్వాత 3, 1, నాలుగో దెబ్బకు చావు. 1 దగ్గర చేస్తే 4, తర్వాత 2, అప్పుడూ నాలుగో దెబ్బకే చావు. ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా బైండ్ మధ్యలో దెబ్బ తగిలితే సిల్క్ పోతుంది, మాస్కులు రావు. 1 దగ్గర ఆ దెబ్బతో ఆటే అయిపోతుంది.

నాలుగు మాస్క్ ముక్కలు ఏరి ఆరో మాస్కు తెచ్చుకున్నారా, లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు 4 దగ్గర తొందరపడి బైండ్ చేస్తే నాలుగో దెబ్బకే పోతారు. 2 దాకా ఆగితే 5కి చేరి, అయిదో దెబ్బ దాకా నిలుస్తారు. అంటే కష్టపడి తెచ్చుకున్న మాస్కు, మీ అలవాటు మారకపోతే దండగ! ఒక్క అంకె మారగానే చేతికి కొత్త పాఠం నేర్పే ఇంత పొందికైన డిజైన్ ఈ ఏడాది నాకు మరెక్కడా కనబడలేదు.

చచ్చిపోయిన చోట ఒక గూడు మిగులుతుంది. దాన్ని కొడితే పోయిన రోజరీలు (ఆటలోని డబ్బు) రావడమే కాదు, సిల్క్ కూడా నిండుతుంది. ఆ గూడు బాస్ (పెద్ద శత్రువు) గదిలోనే ఉంటే వెంటనే కొట్టకండి. చేతిలోని సిల్క్ వాడేశాక కొడితే ఇంకో బైండ్ దొరికినట్టే. రోజరీలు పోతాయన్న భయముంటే ముందే దండలుగా మార్చుకోండి. తరుగు పోతుంది గానీ దండలు చావుతో పోవు.

కిందికి కొట్టబోతే పక్క దెబ్బ పడుతోందంటే తప్పు మీది కాకపోవచ్చు. కంట్రోలర్ మీది అనలాగ్ స్టిక్ కాస్త పక్కకు వాలినా ఆట దాన్ని పక్క దెబ్బగా తీసుకోవచ్చు. డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు) వాడండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో చవక కంట్రోలర్ కొనేటప్పుడు డీ-ప్యాడ్ కింది బటన్‌ని ఇరవై సార్లు టకటకా నొక్కి, మధ్యలో పక్క బటన్ పడుతుందేమో అక్కడే చూసుకోండి.

లోపాలు లేవనను. చచ్చాక మళ్లీ మొదలయ్యే బెంచీ నుంచి బాస్ దాకా మళ్లీ మళ్లీ పరిగెత్తడం కొన్నిచోట్ల శుద్ధ కాలయాపన. లాస్ట్ జడ్జ్ అనే బాస్ అయితే ఓడిపోయాక కూడా పేలి చంపగలదు, దాన్ని నేను సమర్థించను. విడుదల తర్వాతి మొదటి ప్యాచ్‌లో (సవరణలో) మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాస్‌లను కొంత తేలిక చేశారు. చేయాల్సిందే.

వంతులవారీగా పోరాడే ఎక్స్‌పెడిషన్ 33కి నా దగ్గర రెండో స్థానం. మొదటి రెండు అంకాల్లో ప్యారీ (శత్రువు దెబ్బను సరైన క్షణంలో అడ్డుకోవడం) అద్భుతం. మూడో అంకంలో 9,999 డ్యామేజ్ హద్దును ఎత్తేసే పిక్టోస్ (పాత్రకు తొడిగే శక్తి) చేతిలో ఉంటుంది. లూమినాలు (పిక్టోస్ నుంచి నేర్చుకునే శక్తులు) సరిగ్గా కూర్చితే చాలామంది బాస్‌లు తమ వంతు రాకముందే పోతారు, అంతదాకా నేర్చుకున్న ప్యారీకి పనుండదు. అందుకే మొదటి స్థానం ఇవ్వలేకపోయాను. ఇంకా ఆడనివాళ్లు ముందు డాడ్జ్‌తో (దెబ్బ నుంచి తప్పుకోవడంతో) మొదలుపెట్టండి. "పర్ఫెక్ట్" అని పడుతోందంటే ఆ క్షణంలో ప్యారీ కూడా తగిలేదే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేసి వైర్ పెట్టుకోండి, శబ్దం ఆలస్యంగా చేరితే చెవిని నమ్ముకుని చేసే ప్యారీలు తప్పుతూనే ఉంటాయి. టీవీలో ఆడేవాళ్లు గేమ్ మోడ్ ఆన్ చేయడం మరవొద్దు.