ఎడమ భుజానికి కుడి బోల్టు ఎందుకు?

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ బోల్టు హ్యాండిల్‌ని చేత్తో ఆడించాల్సిన తుపాకీ) కొనుక్కుందామని బయల్దేరితే దాదాపు అందరూ ఒకటే మాట చెబుతారు: "కుడిచేతి రైఫిలే తీసుకో, నాల్రోజులు పోతే చేయి అదే అలవాటు పడుతుంది." ఈ సలహా మంచి మనసుతోనే ఇస్తారు. ఇచ్చేవాళ్లలో ఎడమచేతి వాటం వాళ్లు కూడా ఉంటారు. ఏళ్ల తరబడి అలాగే కాల్చి, బాగా కాల్చి, ఆ నమ్మకంతో చెబుతారు. నేనూ ఎడమ భుజం మీంచే కాలుస్తాను. చాలాకాలం కుడి బోల్టుతో, అంటే హ్యాండిల్ కుడివైపు ఉన్న రైఫిల్‌తో కాల్చాను, ఇప్పుడు ఎడమ బోల్టుతో కాలుస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఈ సలహా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. పాతవాళ్లు మారాలా వద్దా అన్నది వేరే లెక్క, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు రెండు షాట్ల మధ్య ఏం జరుగుతుందో చూడాలి. బోల్ట్ యాక్షన్‌లో ప్రతి తూటాకీ చేతిపని ఉంటుంది. హ్యాండిల్ పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ కేస్ (పేలిన తూటా తొడుగు) బయటపడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోని కొత్త తూటా చాంబర్‌లోకి వెళ్తుంది. హ్యాండిల్ దించితే లాక్ పడుతుంది. కుడిచేతివాళ్లు ఇదంతా ట్రిగ్గర్ నొక్కిన చేత్తోనే చేస్తారు. ఈలోగా వాళ్ల ఎడమచేయి రైఫిల్ ముందు భాగాన్ని పట్టుకునే ఉంటుంది. కొంచెం సాధన ఉంటే చెంప స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీంచి లేవదు, కన్ను స్కోప్‌లోంచి పక్కకు పోదు.

అదే రైఫిల్‌ని ఎడమ భుజానికి ఆనించినవాళ్లకు రెండే దారులు. ట్రిగ్గర్ మీదున్న ఎడమచేతిని తీసి, స్టాక్ పైనుంచి అవతలికి చాపి బోల్టు అందుకోవాలి. అప్పుడు మణికట్టు వంకర తిరుగుతుంది, వేలి కణుపులు స్కోప్ వెనక అంచుకు కొట్టుకుంటాయి, బోల్టు వెనక్కి వస్తుంటే తల పక్కకు తీయాల్సి వస్తుంది. తల తీశామంటే స్కోప్‌లో లక్ష్యం పోయినట్టే. లేదా ముందు భాగాన్ని మోస్తున్న కుడిచేతిని వదిలి, దానితో బోల్టు ఆడించాలి. అప్పుడు బరువంతా ఎడమచేతి మీదా భుజం మీదా పడి బారెల్ కిందికి వాలిపోతుంది. మళ్లీ ఎత్తుకుని గురి వెతుక్కోవాలి.

కాగితం లక్ష్యం మీద తీరిగ్గా కాల్చేటప్పుడు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. వేటలో అలా కాదు. మొదటి తూటా సరైన చోట తగలకపోతే, ఆ జంతువు ఎక్కువసేపు బాధపడకుండా వెంటనే రెండోది వేయడం వేటగాడి బాధ్యత. సరిగ్గా ఆ క్షణంలో రైఫిల్ వాలిపోవడమో, కన్ను స్కోప్‌లోంచి రావడమో జరిగితే, దాన్ని చిన్న అసౌకర్యం అని నేను అనలేను.

స్లింగ్ (రైఫిల్‌కి కట్టే పట్టీ) బిగించి బోర్లా పడుకుని కాల్చేవాళ్ల పని ఇంకా కష్టం. ఆ స్లింగ్ రైఫిల్‌ని మోసే చేతి జబ్బకు బిగుసుకుని ఉంటుంది, మోచేయి నేల మీద కుదురుకుని ఉంటుంది. ఒంటి బలం వాడకుండా రైఫిల్ తనంతట తాను లక్ష్యం వైపు చూసేలా శరీరాన్ని అమర్చుకోవడమే ఆ భంగిమలో అసలు విద్య. మోసే చేయి ఒక్కసారి కదిలితే స్లింగ్ టెన్షన్ మారుతుంది, రైఫిల్ చూసే దిశ మారుతుంది, అంతా మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి బోల్టు పని ట్రిగ్గర్ చేతిదే. కుడి బోల్టుతో ఆ పని ఎడమచేతికి పడితే, ప్రతి తూటాకీ రైఫిల్ మీద నుంచి చేయి అవతలికి దాటించాలి. 50 మీటర్ల త్రీ పొజిషన్ పోటీలో మోకాలి మీద, బోర్లా, నిలబడి కాల్చాలి. ఆన్‌షుట్జ్ లాంటి టార్గెట్ రైఫిల్ కంపెనీలు ఎడమచేతి రకాలు విడిగా తయారుచేసేది ఇందుకే. గెలవాలని వచ్చినవాళ్లకు "అలవాటైపోతుంది" అన్న మాట సరిపోదు.

ఇక బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీదో, బెంచ్ మీద ఇసుక సంచులపైనో పెట్టి కాల్చేవాళ్ల సంగతి. ఇక్కడ ఎదుటి పక్షం మాటలో నిజముంది, ఒప్పుకోవాలి. రైఫిల్ బరువు ఏ చేయీ మోయదు. ఎడమచేయి గ్రిప్ మీదే ఉంటుంది, ఖాళీగా ఉన్న కుడిచేయి బోల్టు ఆడిస్తుంది, ట్రిగ్గర్ వేలు తన చోటు వదలదు. అలా చూస్తే కుడి బోల్టు ఎడమ భుజానికి లాభమే. బెంచ్‌రెస్ట్ పోటీల్లో కుడిచేతివాళ్లు కూడా బోల్టు ఒక పక్క, తూటా పెట్టే పోర్ట్ మరో పక్క ఉన్న యాక్షన్లు (బోల్టు ఆడే భాగం) కావాలని చేయించుకుంటారు. రెండు చేతులూ పని పంచుకుంటాయి కాబట్టి. ఎప్పుడూ బెంచ్ మీంచే కాల్చే ఎడమచేతి వాటం మనిషి తన కుడిచేతి రైఫిల్ అమ్మేసి మారాల్సిన అవసరం నాకు కనిపించదు.

సైన్యంలో ఎంతోమంది ఎడమచేతివాళ్లు కుడి బోల్టుతోనే కాల్చారు కదా అని ఇంకో వాదన. నిజమే, బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కైనా జర్మన్ మౌజర్‌కైనా బోల్టు కుడివైపే. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ శిక్షణలో 300 గజాల దూరంలోని లక్ష్యం మీద నిమిషానికి 15 తూటాలు గురిచూసి కాల్చాల్సిన పరీక్ష ఉండేది. బోల్టు మీది చేయి ధారాళంగా ఆడితే తప్ప ఆ వేగం రాదు. ఇప్పటి బ్రిటిష్ ఎస్‌ఏ80 రైఫిల్ బోల్ట్ యాక్షన్ కాదు గానీ, ఖాళీ కేస్‌లను కుడివైపు, చెంపకు దగ్గరగా విసిరేస్తుంది. అందుకే ఎడమచేతి వాటం సైనికులకు కూడా దాన్ని కుడి భుజానికి ఆనించడమే నేర్పుతారు. ఇక్కడ భుజాన్నే మార్చారు. ఎడమ భుజానికి పెట్టుకుని ఎలాగో ఒకలా నెట్టుకురమ్మని చెప్పలేదు.

నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. కుడి భుజం, కుడి బోల్టు పూర్తి పద్ధతి. ఎడమ భుజం, ఎడమ బోల్టు కూడా పూర్తి పద్ధతే. ఎడమ భుజం, కుడి బోల్టు మాత్రం రాజీ. ఆ రాజీ బెంచ్ మీద కలిసొస్తుంది, బెంచ్ దిగితే ఇబ్బంది పెడుతుంది. ఇంకా ఏ అలవాటూ పడని మనిషికి ఆ రాజీని మొదటి రోజే ఎందుకు అంటగట్టాలి?

మరి ఏ భుజం? దానికి చేతి వాటం కన్నా ముందు కన్ను చూడాలి. ప్రపంచంలో సుమారు 10 శాతం మందిది ఎడమచేతి వాటం. కానీ కంటి విషయానికొస్తే మూడింట రెండొంతుల మందికి కుడికన్ను బలమైనది. చేయి ఎడమ, కన్ను కుడి అయినవాళ్లు కొద్దిమందేమీ కాదు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, దూరంగా ఉన్న వస్తువును రెండు కళ్లతో ఆ సందులోంచి చూడండి. తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలిచి ఉంటుందో అది మీ బలమైన కన్ను. కుడికన్ను అని తేలిన కొత్తవాళ్లు మొదట కుడి భుజం ప్రయత్నించాలి. ట్రిగ్గర్ సాఫీగా నొక్కడం ఏ చేతి వేలైనా నేర్చుకుంటుంది. స్కోప్‌లోంచి ఒక్క కన్నే చూస్తుంది కాబట్టి అక్కడ కంటి పట్టింపు కొంత తగ్గుతుంది, ఐరన్ సైట్లతో (స్కోప్ లేకుండా రైఫిల్ మీదే ఉండే గురి గుర్తులతో) మాత్రం బాగా తెలుస్తుంది. ఎడమకన్నే అని తేలితే ఇక తటపటాయించడం దేనికి? ఎడమచేతి రైఫిలే తీసుకోవాలి.

ముఖం సంగతి కూడా ఆలోచించాలి. ఎడమ భుజానికి ఆనించినప్పుడు తల రైఫిల్‌కి కుడిపక్కన ఉంటుంది. కుడిచేతి రైఫిల్‌లో ఖాళీ కేస్ బయటికొచ్చే ఎజెక్షన్ పోర్ట్ కూడా ఆ పక్కే. ప్రైమర్‌కి (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతకి) చిల్లు పడటం, కేస్ చిరగడం అరుదే. జరిగితే వేడి గ్యాస్ బయటికి వచ్చే దారుల్లో ఆ పోర్ట్ ఒకటి. తూటాలు సొంతంగా రీలోడ్ చేసుకునేవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. ఎవరైనా రక్షణ కళ్లద్దాలు లేకుండా కాల్చకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు. స్టాక్ ఇంకో తంటా. కుడి చెంపకు ఉబ్బెత్తుగా చేసిన చీక్‌పీస్ ఎడమ చెంపకు పనికిరాదు, కుడి బొటనవేలికి తొలిచిన థంబ్‌హోల్ స్టాక్ ఎడమచేతికి అసలు కుదరదు.

ఎడమచేతి రకాలు దొరకవన్న మాట ఒకప్పుడు సరైనదే. 1958లో వచ్చిన సావేజ్ 110కి మరుసటి ఏడాదే ఎడమచేతి రకం వచ్చింది. ఇప్పుడు సావేజ్, టిక్కా, బ్రౌనింగ్, రూగర్ లాంటి కంపెనీలు ఎడమచేతి రైఫిళ్లు చేస్తున్నాయి. అయినా కుడిచేతివాళ్లకున్నంత ఎంపిక లేదు. కొన్ని క్యాలిబర్లు రావు, చాసీలు (స్టాక్ బదులు వాడే చట్రాలు) తక్కువ, తిరిగి అమ్మబోతే కొనేవాళ్లు తక్కువ. కొనేముందు ఇవన్నీ చూసుకోవాల్సిందే. కానీ తిరిగి అమ్మడం గురించి ఆలోచించి, ఉన్నన్నాళ్లూ ఒంటికి పొసగని రైఫిల్‌తో కాల్చమనడం నాకు నచ్చదు.

పాతవాళ్లు మారాలా అంటే, ఎక్కడ కాలుస్తారన్నదే తేలుస్తుంది. బెంచ్, బైపాడ్ వాళ్లు ఉన్నదానితోనే ఉండొచ్చు. నిలబడి, మోకాలి మీద, స్లింగ్‌తో కాల్చేవాళ్లు, వేటకు వెళ్లేవాళ్లు మారితే మంచిది. మారితే పూర్తిగా మారాలి. ఒక వారం కుడి బోల్టు, ఒక వారం ఎడమ బోల్టు అంటే కంగారులో చేయి లేనిచోట హ్యాండిల్ కోసం వెతుకుతుంది. సేఫ్టీ (అనుకోకుండా పేలకుండా ఆపే మీట) కూడా అంతే. కొన్ని రైఫిళ్లకు బోల్టు వెనక పక్కన ఉంటుంది, కొన్నింటికి స్టాక్ మెడ పైన మధ్యలో ఉంటుంది. కొత్త రైఫిల్ చేతికి రాగానే రేంజ్‌కి పరిగెత్తకుండా ఇంట్లోనే ఖాళీ రైఫిల్‌తో, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, డమ్మీ తూటాలతో బోల్టు ఆడించండి. సురక్షితమైన దిక్కుకే బారెల్ ఉంచి, చెంప స్టాక్ మీంచి లేవకుండా, చూడకుండా హ్యాండిల్ అందేదాకా చేయండి. మొదట్లో వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

పిల్లలకు నేర్పే క్లబ్బులను నేను కోరేది ఒక్కటే. సావేజ్ మార్క్ 2 లాంటి ఎడమచేతి .22 రైఫిల్ ఒక్కటైనా ర్యాక్‌లో ఉంచండి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ తూటా చేతికిచ్చే ముందే కంటి పరీక్ష చేయించండి. ఎడమ భుజం అని తేలిన పిల్లల చేతికి మొదటి రోజే ఆ రైఫిల్ ఇవ్వండి.